తెర మీద చచ్చే పెద్దాయన

హామిల్టన్ నుంచి టౌరంగా వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయనది స్పెయిన్. ఇక్కడున్న కూతురిని చూడటానికి వచ్చారట. కుర్రతనం నుంచీ కౌబాయ్ సినిమాల్లో చిన్న విలన్ వేషాలేనట. గుర్రం మీంచి, మేడ మీంచి పడి ప్రతి సినిమాలోనూ చచ్చానని నవ్వారు. మా తెలుగులోనూ కౌబాయ్ సినిమాలు ఉన్నాయంటే నమ్మలేదు.

కొండదారి దిగుతుండగా వానకి బస్సు జారి, అడ్డం తిరిగి, రెయిలింగ్‌ను గుద్దుకుని ఆగింది. నా కిటికీ కింద రోడ్డు లేదు, లోయ ఉంది.

"ఎవరూ కదలకండి!" అని డ్రైవర్ అరిచాడు.

ధైర్యం కోసం పెద్దాయన వైపు తిరిగితే, ఆయన నా చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నారు.

"మీకు పడటం అలవాటే కదండీ?" అన్నాను.

"అక్కడ కింద పరుపులుండేవమ్మా. పైగా గట్టిగా అరవనిచ్చేవారు కాదు. నేను అరిస్తే జనం హీరోని చూడరట. ఇవాళైనా నన్ను భయపడనివ్వు."

అది విన్నాక నాకూ ఏడుపు ఆగలేదు. మమ్మల్ని ఒక్కొక్కరినే రోడ్డు మీదికి దింపేదాకా ఇద్దరం చేతులు వదల్లేదు.