పూత మీదున్న మొక్క

మస్తాన్‌బీ చీరాలలో నూలు చుట్టే ఇంట పుట్టింది. ఎంత చిక్కుపడ్డ నూలు చిలపనైనా పోగు తెగకుండా విప్పేది. ఆ పనితనమే ఆమె కొంప ముంచిందంటే మా ఊళ్ళో ఇప్పటికీ కొందరు ఒప్పుకోరు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఆమె, మొగుడు మాబు సాహెబ్ చిలకలూరిపేట దగ్గర మా ఊళ్ళో నల్లరేగడి చెక్క కౌలుకు పట్టి మిరప వేశారు. బాగా పండిస్తే మరుసటేడూ చేను వాళ్ళదే. లేకపోతే ఆసామి ఇంకొకరికిస్తాడు. పూతకొచ్చే వేళ గట్టు పక్క మొక్కల మీద పసుప్పచ్చ దారాలు కనబడ్డాయి. మా వైపు దాన్ని సీతమ్మ పోగునూలు అంటారు. ఆకు ఉండదు. మట్టిలో మొలిచి, దగ్గరున్న కాడకు చుట్టుకుని, అందులోకి పీల్చే వేళ్ళు దింపుతుంది. ఆ తరవాత దానికి నేలతో పనిలేదు. తన మొదలు ఎండినా మొక్క రసం తాగి బతుకుతుంది.

పక్క చేను క్రీస్తుదాసు వచ్చి చూశాడు. "మొక్కల్తో సహా పీకి తగలబెట్టు మస్తాన్‌బీ. తీగ లాగితే పోదు."

"పూత మీదున్న మొక్కని ఎట్టా పీకమంటావు దాసన్నా? చిక్కు తియ్యడం నాకు చేతగాదా?"

నిజంగానే తీసింది. ఎండలో కూర్చుని కొమ్మ కొమ్మనుంచీ తీగ విప్పి, గట్టు మీది తంగేడు పొదల మీద పడేసింది. మేమంతా మెచ్చుకున్నాం, మాదేం పోయింది. కాడల్లో మిగిలిన ముక్కలు మళ్ళీ చిగురించాయి. తంగేడు మీది తీగ అక్కడే పట్టుకుని లోపలి సాళ్ళకు పాకింది. కాయ ఎర్రబడే నాటికి సగం చేను వడలిపోయింది.

ఆసామి కౌలు తీసేశాడు. మాబు పేటలో పత్తి బేళ్ళు మోయబోయి నడుం పోగొట్టుకున్నాడు. పెళ్ళాన్ని మాత్రం పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే ఆమెకు మనసులో బరువు కాస్త తగ్గేదేమో.

అరవై అయిదులో మస్తాన్‌బీ శ్యామలాంబ గారి చేలో కూలికి కలుపు తీస్తుంటే ఆ దారం మళ్ళీ కంటబడింది. మారు ఆలోచించకుండా, పూత మీదున్న మిరప మొక్కల్ని వేళ్ళతో సహా పీకింది.

గట్టు మీదనుంచి శ్యామలాంబ కేకేసింది. "మతి పోయిందా నీకు? విప్పితే పోయేదానికి మొక్కల్ని చంపుతావా?"

మస్తాన్‌బీ పీకినవి బయటికి మోసుకెళ్ళి తగలబెట్టింది. మర్నాటినుంచి ఆమెను పనిలోకి రానివ్వలేదు.

ఆ చేను నిండుగా కాసింది. కళ్ళంలో ఎర్రగా ఆరబోసిన కాయల పక్క, కర్ర పట్టుకున్న మాబుతో నడుస్తూ ఆమె ఆగింది.

"మన చేనూ ఇట్టాగే కాసేది. ఆ నాలుగు మొక్కలు పీకలేకపోయా."

"నువ్వు పీకుతానన్నా నేను పీకనిచ్చేవాణ్ణి కాదులే," అన్నాడు మాబు.