చూరుకు పడవ పలక

బోగోలు నుంచి వచ్చిన వడ్రంగి పడవ పలకను మా ఇంటి తూర్పు చూరుకు ఎత్తిపట్టి, నూనె పట్టిన వైపును గోడకేసి తిప్పి, ఉత్త చెక్క వైపును సముద్రానికి వదిలి మేకులు కొట్టాడు. మాకు వాన కొట్టేది సముద్రం వైపు నుంచే. ఆ సంగతి అక్కడ నిలబడిన అందరికీ తెలుసు. తెలిసే కొట్టించారు.

అరవైల మొదట్లో మాట. మా ఊరు జువ్వలదిన్నెకు నడిచిపోయేంత దూరం. నాన్న మిషన్ బడిలో పంతులు. నేను నెల్లూరులో పత్రికలో పని చేస్తూ సెలవు దొరికినప్పుడు వచ్చేవాణ్ణి. మాది పెంకుటిల్లు. వాసాల కొసలు తడవకుండా చూరు పొడుగునా అడ్డంగా ఒక పలక ఉంటుంది. తూర్పు పలక ఉప్పు గాలికి చివికిపోయి, ఆ ఏటి వానల్లో సగం ఊడి వేలాడింది.

కొత్త పలకకు ఏ చెక్క మంచిదని నాన్న కనబడిన ప్రతివాణ్ణీ అడిగాడు. తాటి చేవ గట్టిదే కానీ పలకగా కోస్తే పీచు లేస్తుంది. వేప కొట్టించి ఆరబెట్టేలోపు ఇంకో వానాకాలం వస్తుంది. సరుగుడు మెలితిరుగుతుంది. చివరికి కావలి కలప అడితిలో టేకు తేవాలనుకున్నాడు.

పక్కింటి ముసలాయన కర్ర ఊతంతో వచ్చింది అప్పుడే. మోకాళ్ళు పట్టేయడంతో సముద్రంలో చేపల వేటకు పోవడం మానేశాడు. కొబ్బరి తాడుతో కుట్టిన ఆయన పడవ కుట్లు తెగి వాకిట్లో బోర్లా పడి ఉండేది. కొడుకులకు వేరే పడవ ఉంది.

"కావలి దాకా ఎందుకయ్యోరా? నా పడవలో తిన్నని పలక ఉండాది, తీసుకో. కోడళ్ళు పొయ్యిలో పెట్టేదానికి చూస్తా ఉండారు."

"మామిడి చెక్క కదా, నిలుస్తుందా?"

"ఇన్నేళ్ళు సొరచేప నూనె తాగింది. నీళ్ళలో నిలిచింది నీ చూరుకి నిలవదా?"

ఆయన మంచం వాళ్ళ వాకిట్లో ఉండేది. అక్కడ పడుకుంటే మా తూర్పు చూరు కనబడుతుంది. ఆయనకు కావలసింది అదొక్కటే: ఆ చెక్క పొయ్యిలోకి పోకుండా కళ్ళెదుట ఉండాలి. నాన్నకు అది అర్థమైంది. టేకు మాట ఆపేశాడు.

పలక అంచున తాడు దూరిన రంధ్రాలను వడ్రంగి చెక్క బిరడాలతో పూడ్చాడు. నిచ్చెన వేసి, నీళ్ళకు తగిలే నూనె పట్టిన బయటి వైపును సముద్రానికి పెట్టబోతుంటే ముసలాయన భార్య వచ్చి అడ్డం నిలబడింది.

"నీళ్ళు చూసిన మొగాన్ని గట్టుమీద పెట్టి మళ్ళీ సముద్రానికి చూపిస్తారా? పిలిచినట్టు కాదా? నా బిడ్డలు ఇద్దరూ దినామూ ఆ నీళ్ళ మీదికే పోతా ఉండారు."

అమ్మ అడిగింది. "మరి ఏం చేయమంటావక్కా?"

"ఆ మొగం గోడకి తిప్పించు పంతులమ్మా. అట్టయితే నాకు అడ్డం లేదు."

వడ్రంగి నవ్వాడు. "ఏందవ్వా, వాన గోడలోనుంచి వస్తాదా? చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టుంటాది."

"నీ చొక్కా ఎట్టా తొడుక్కుంటే ఎవురికి కావాల? చెప్పిన పని చెయ్యి."

ముసలాయన మంచం మీదనుంచి అరిచాడు. "అయితే నేను చూసేది పడవ కడుపా?"

"దినామూ ఆ కడుపులోనే కూర్చుంటివి గదా, గుర్తు పట్టలేవా?"

నాన్నకు అలాంటి నమ్మకాలు లేవు. అయినా వాదించలేదు. "పలక వాళ్ళది, బిడ్డలూ వాళ్ళవాళ్ళే," అని వడ్రంగికి సైగ చేశాడు.

మూడో వానాకాలం దాటేసరికి బయటి వైపు మెత్తబడింది. వడ్రంగి ఉలి ఆనిస్తే రొట్టెలో దిగినట్టు దిగింది. దింపి చూస్తే లోపలి వైపు నల్లగా, గట్టిగా ఉంది. కుళ్ళు చెక్కేసి తిప్పి కొడితే ఇంకొన్నేళ్ళు వస్తుందన్నాడు. ముసలామె ఒప్పుకోలేదు, కొడుకులు ఇంకా వేటకు పోతూనే ఉన్నారు. నాన్న కావలి వెళ్ళి టేకు పలక తెచ్చి చూరుకు ఎక్కించాడు.

దింపిన పలక ఏం చేయాలన్న మాట వచ్చింది. పెద్ద కోడలు గొడ్డలితోనే వచ్చింది. ముసలామె దాన్ని సముద్రానికి ఇచ్చేయమంది.

"పొయ్యిలోకి మాత్రం పోనీయబాకండి," అన్నాడు ముసలాయన.

"అయితే నీళ్ళకే ఇద్దాం," అంది ముసలామె.

"నీళ్ళకిస్తే నాకు యాడ కనబడతాది?"

"ఇంట్లో పెట్టుకుని పూజ చేస్తావా?"

ఆయన మొహం అటు తిప్పుకుని పడుకున్నాడు. కోడలు గొడ్డలి భుజాన వేసుకుని, మళ్ళీ వస్తానని అమ్మతో చెప్పి వెళ్ళింది. ముసలామె కూడా అదే చెప్పింది. నేను నెల్లూరు బస్సెక్కేనాటికి పలక మా వసారాలోనే ఉంది. దాన్ని ఎవరికి ఇవ్వాలో అమ్మా నాన్నా ఇంకా తేల్చుకోలేదు.