ఎదురింటి ఆంటీ అందరి ముందు వేసుకున్న మాత్ర

పోయిన బుధవారం స్కూల్ నుంచి వచ్చేసరికి ఎదురింటి గుమ్మం ముందు చెప్పులే చెప్పులు. ఆంటీకి పొద్దున గుండెపోటు వచ్చిందని, హాస్పిటల్‌కి చేరేలోపే పోయారని అమ్మ చెప్పింది.

సింగపూర్‌లోని యీషున్‌లో మా ఫ్లాట్‌కి ఎదురుగా ఉండే హైదరాబాద్ ఆంటీ ఆవిడ. ఆవిడ మంచితనం గురించి రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆరోజు అక్కడ విన్నది చెప్పకపోతే నాకు మనసు నిలవదు.

"ఆ మెంటల్ మాత్రలే గుండెను తినేసుంటాయి," అంది ఒకావిడ.

"బంగారంలాంటి మొగుడు, సొంత ఫ్లాటు. ఆవిడకేం దిగులండీ?" అంది ఇంకొకావిడ.

బీపీ మాత్ర వేసుకుంటే ఒంటి మీద శ్రద్ధట. దిగులుకి వేసుకుంటే పిచ్చట. ఒళ్లు మండినా నోరు విప్పలేదు. విప్పితే నా సంగతి బయటపడుతుందని భయం.

రెండు నెలలుగా నాకు నిద్ర లేదు. ట్రైన్‌లో, లిఫ్ట్‌లో ఊపిరి అందదు. ఇంట్లో చెప్పలేదు. నాన్నది చాంగీ బిజినెస్ పార్క్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇక్కడే స్థిరపడటానికి పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, దరఖాస్తు పెట్టాం. పిల్లల్ని మనసు డాక్టర్‌కి చూపిస్తే అది రికార్డులకెక్కి పీఆర్ రాదని మనవాళ్ల గట్టి నమ్మకం.

ఆంటీ పోకముందు ఒకరోజు మెట్ల దగ్గర ఆవిడ నన్ను పట్టుకున్నారు.

"లిఫ్ట్ ఉండంగ మెట్లెందుకు బేటా?"

"ఎక్సర్‌సైజ్ ఆంటీ."

"స్కూల్ బ్యాగుతోనా?"

"ఐ యామ్ ఓకే లా, ఆంటీ," అన్నాను ఇక్కడి యాసలో.

ఇంట్లోకి తీసుకెళ్లి చాయ్ ఇచ్చారు. తన దిగులు మాత్ర ఎవరున్నా దాచేవారు కాదు, బిస్కెట్ తిని వేసుకునేవారు.

"ధైర్యంగ ఉండమని అందరు చెప్పిండ్రు. నేను ధైర్యంగనే ఏడ్చిన, ఆర్నెల్లు. తర్వాత డాక్టర్ దగ్గరికి పోయిన."

"పీఆర్ రాదంటారు కదా ఆంటీ?"

"ఎవరు?"

"అందరూ."

"ఆ అందరిల ఒక్కరన్న పోయి అడిగిండ్రా?"

ఆవిడ చెప్పిన ఇంకో మాట మీకూ పనికొస్తుంది. "ఒక్కరోజు బాధైతే పండుకో, పోతది. రెండు వారాలైనా తిండి, నిద్ర, బడి సక్కగ లేకుంటే పోయి చూపించుకోవాలె. సచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆ పూటనే ఎవరికన్న చెప్పు. ఆగొద్దు."

ఆవిడ మాట మీదే స్కూల్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. నన్నెవరూ పిచ్చిదనలేదు. నిద్ర గురించి అడిగారు. డాక్టర్ దగ్గరికి పెద్దవాళ్లెవరైనా తోడు రావాలన్నారు. ఆంటీ వస్తానన్నారు. "కానీ మీ అమ్మ అడిగితే అబద్ధమాడ. నువ్వే ముందుగాల చెప్పు."

అపాయింట్‌మెంట్ సోమవారం. ఆంటీ లేరు. ఆదివారం అమ్మకి చెప్పేశాను.

"ఎవరికైనా తెలిస్తే?" అంది అమ్మ, ముందుగా.

"ఆంటీకి తెలుసు."

"ఏమన్నారు?"

"నీకు చెప్పమన్నారు."

సోమవారం అమ్మే తోడు వచ్చింది. క్లినిక్‌లో మా బ్లాక్ తెలుగావిడ ఒకరు ఎదురుపడ్డారు. "ఎవరికండీ బాలేదు?"

అమ్మ నావైపు చూసింది. "అమ్మాయికండీ. నిద్ర పట్టట్లేదు, భయం భయంగా ఉంటోంది," అంది. మా నంబర్ పిలిచేసరికి నాకంటే ముందు లేచి నిలబడింది.