గాలికి మైల

చింతామణిలో మా బజారు వీధి మొత్తంలో ఇల్లంతటికీ కలిపి ఒకే ఏసీ ఉన్నది మా ఇంట్లోనే. గదికొకటి గోడకు తగిలించే రకం కాదు. మేడమీద ఒక పెట్టె, హాలు కప్పులో దాచిన ఇంకో పెట్టె, అక్కడినుంచి ప్రతి గదికీ గొట్టాలు. మా ఆయనది నూనెల వ్యాపారం. బెంగళూరులో ఎవరో షావుకారు ఇంట్లో చూసొచ్చి, ఇల్లు కట్టేటప్పుడే పట్టుబట్టి పెట్టించాడు. ఫ్యాన్లు కూడా వద్దన్నాడు. ఏసీ ఇంట్లో ఫ్యాను ఉంటే పట్టుచీర మీద తువ్వాలు కప్పుకున్నట్టు ఉంటుందట. బాగేపల్లి నుంచి మా పుట్టింటివాళ్ళు వచ్చినప్పుడల్లా చల్లగాలి కింద నిలబడి మొహాలు పైకెత్తేవాళ్ళు. నేనేం తక్కువ తిన్నానా? కాఫీ ఆలస్యం చేసి మరీ కాసేపు అక్కడే నిలబెట్టేదాన్ని.

బిగించిన రోజున చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన మెకానిక్ మా అందరినీ నిలబెట్టి విడమరిచి చెప్పాడు. అన్ని గదుల గాలీ నడవలో ఉన్న పెద్ద జాలీలోంచి వెనక్కి పోతుంది, చల్లబడి మళ్ళీ అన్ని గదులకీ వస్తుంది, కాబట్టి ఆ జాలీకి ఏదీ అడ్డం పెట్టకూడదు. మా ఆయన అన్నీ తెలిసినట్టు తలూపాడు. మా అత్త మాత్రం ఇంకేదో ఆలోచనలో పడింది. అతను వెళ్ళాక నన్ను పిలిచి నెమ్మదిగా అడిగింది.

"అంటే, బయటుండే పిల్ల గదిలో గాలి కూడా తిరిగీ తిరిగీ దేవునింట్లోకి వస్తాదా?"

మా ఇళ్ళల్లో నెలసరి వస్తే ఆడపిల్ల మూడు రోజులూ విడిగా ఉండాలి. దాన్నే బయటుండటం అంటాం. కొత్తింట్లో అందుకోసమే నడవ చివర చిన్న గది వేయించారు. చాప, చెంబు, కంచం అన్నీ వేరు. నాకు అప్పటికే ఆగిపోయింది, కాబట్టి ఆ గది మా అమ్మాయి ఒక్కదానిదే అయింది. తప్పించుకున్నవాళ్ళకు నియమాలు భలే గుర్తుంటాయి. నూనె ప్యాకెట్లు వచ్చే పెద్ద అట్టపెట్టెను విప్పి, జాలీకి సరిగ్గా సరిపోయేట్టు కోసి, అమ్మాయి ఆ గదిలోకి వెళ్ళిన పూట దాన్ని అంటించేదీ, మూడు రోజులయ్యాక తీసేదీ నేనే. ఆ మూడు రోజులూ మా ఆయన నడవ వైపు తొంగిచూసేవాడు కాదు. గాలి వెనక్కే పోకపోతే దేవుడి గదికి అంటదు కదా అని నా తెలివి. మా అత్త పొంగిపోయింది. మా కోడలికున్న మడి ఎవరికుంది అని బాగేపల్లివాళ్ళ ముందు చెప్పుకుంది. ఆమె నోట అలాంటి మాట ఒక్కటి వినాలని కాపరానికి వచ్చినప్పటినుంచీ కాచుకుని ఉన్నదాన్ని. నా కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఆ తర్వాతే ఏసీ మొరాయించడం మొదలైంది. నడుస్తున్నట్టే చప్పుడు, చల్లదనం మాత్రం సున్నా. హాలు కప్పులోంచి సోఫా మీదికి బొట్లు బొట్లుగా నీళ్ళు. మెకానిక్‌ను పిలిస్తే, తీరా అతను వచ్చేసరికి బ్రహ్మాండంగా పనిచేసేది. ఫిల్టరు కడిగాడు. గ్యాసు చూశాడు. మీ వీధిలో వోల్టేజీ సరిగ్గా లేదన్నాడు. వచ్చే నెల మళ్ళీ అదే కథ. మా ఆయన అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు, పని నేర్చుకున్నావా లేక మా ఇంట్లో నేర్చుకుంటున్నావా అని. మొదటిసారి నాకు నిజంగా తెలియదు. రెండోసారి, అట్ట తీసిన పూటే మళ్ళీ చల్లబడటం చూశాక, తెలిసింది. తెలిసీ, అతను వస్తున్నాడనగానే అట్ట తీసి దాచేసేదాన్ని. అవతల అతను తిట్లు తింటుంటే ఇవతల నేను పోపు పెట్టుకుంటూ ఉండేదాన్ని. సిగ్గులేని బతుకంటే అదే.

మార్చిలో అమ్మాయికి రెండో పీయూసీ పరీక్షలు, అంటే పన్నెండో తరగతి. రేపు లెక్కల పరీక్ష అనగా పిల్ల బయట చేరింది. లెక్కల్లో మార్కులు తగ్గితే కోరుకున్న కాలేజీ చేజారుతుందని దాని బెంగ. ఫ్యాను లేని గది, బయట నిప్పులు చెరిగే ఎండ. ఈ ఒక్కసారికి అట్ట పెట్టొద్దమ్మా, తల తిరుగుతోంది, చదివింది నిలవడం లేదు అని తలుపు సందులోంచి బతిమాలింది. మీ అవ్వ వింటుంది, ఊరుకోమన్నాను. పెట్టేశాను.

మధ్యాహ్నానికి ఇల్లు పెనంలా కాలింది. ఈసారి మా ఆయన నాకు మాటైనా చెప్పకుండా మెకానిక్‌ను పిలిపించాడు. గేటు దగ్గర బండి చప్పుడు విని పరుగెత్తి అట్ట పీకాను. ఎక్కడ పెట్టాలో తోచలేదు. అమ్మాయి గది తలుపు ఓరగా తెరిచి లోపలికి తోసేశాను. ఆ గదిలోకి ఎవరూ తొంగిచూడరు కదా.

మెకానిక్ నిచ్చెన వేసుకుని కప్పు పలక ఊడదీస్తే, లోపలి పెట్టె అంతా తెల్లగా మంచు గడ్డకట్టి ఉంది. గాలి వెనక్కి పోకపోతేనే ఇలా అవుతుందట. జాలీ చూస్తే ఖాళీ. ఇది ఎప్పుడెప్పుడు వస్తుందో సరిగ్గా చెప్పమని మా ఆయన్ను అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించి, నెలకోసారి వస్తుంది, మూడు రోజులుండి దానంతటదే పోతుంది అని ఇల్లంతా వినబడేట్టు చెప్పాడు. పాపం, ఆయనకు ఇంకా వెలగలేదు. మెకానిక్ నవ్వబోయాడు.

"నెలనెలా వచ్చి మూడు దినాలుండేది ఏముండాదన్నా..." అంటూ ఆగిపోయాడు.

నడవ చివర మూసిన తలుపు, దాని ముందు బోర్లించిన కంచం, చెంబు అతనికి కనబడ్డాయి. వాళ్ళింట్లోనూ ఆడవాళ్ళుంటారు కదా. తల దించుకుని స్క్రూడ్రైవరు తుడుచుకోసాగాడు. తలుపు అవతల పిల్ల అంతా వింటోంది. భూమి నోరు తెరిచి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. పోనీ నోరు మూసుకున్నానా? అదీ లేదు. ఇల్లూడ్చే ఆమె బక్కెట్లూ చీపుర్లూ జాలీకి ఆనించి పెడుతుందేమో, ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు అన్నాను.

తలుపు తెరుచుకుంది. మా అమ్మాయి అట్ట పట్టుకుని నడవలోకి వచ్చింది. చెమటకు జుట్టంతా నుదుటికి అతుక్కుపోయింది. వాళ్ళ నాన్నవైపూ నావైపూ చూడలేదు. నేరుగా అతని దగ్గరకే పోయింది.

"ఇది పెడతాండారన్నా. నేను బయటుండానని. నా గాలి దేవునింట్లోకి పోకూడదంట."

అతను నిచ్చెన దిగి అట్టను రెండు చేతులా అందుకున్నాడు. ముట్టుకోవచ్చా కూడదా అని తటపటాయించలేదు. మెషిను ఆపి మంచు కరగనివ్వమని, రాత్రికి చల్లబడుతుందని చెప్పి సంచి సర్దుకున్నాడు. మా ఆయన గేటుదాకా వెంట వెళ్ళాడు. అన్ని తిట్లు తిట్టినందుకు ఏమైనా చెప్పుకున్నాడో లేదో నాకు తెలియదు, అడిగే మొహం నాకు లేదు. మా అత్త కుర్చీలోంచి కదల్లేదు. అక్కడినుంచే అంది.

"నేను అడిగితిని అంతే. పెట్టమని చెప్పలేదే."

నిజమే. ఆమె అడిగింది, అంతే. తక్కినదంతా నా చేతి పనే.

అమ్మాయి మళ్ళీ ఆ గదిలోకి పోలేదు. పుస్తకాలు తెచ్చుకుని హాల్లో కిటికీ పక్కన సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. లేవమని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. నేను మెల్లగా దాని దగ్గరకు వెళ్ళాను. తప్పయిపోయింది తల్లీ అందామనే వెళ్ళాను, ఒట్టు. తీరా నోరు తెరిస్తే వచ్చింది ఇది:

"ఆ సోఫా కవర్లు రేపు ఉతకల్ల."

అమ్మాయి తలెత్తి నా మొహంలోకి చూసింది. కోప్పడినా బాగుండేది.

"ఉతుకమ్మా," అని మళ్ళీ లెక్కల్లోకి తల దించుకుంది.