మాస్టర్ సాబ్ దించమన్న సిగ్నల్

మధ్యాహ్నం పన్నెండు దాటింది. నిశ్చితార్థం ఉంగరాలు మార్చుకోబోతున్నారు. హాల్లో గోడవైపు నుంచి గంట మూడుసార్లు మోగింది. చక్రాల కుర్చీలో ఉన్న పెళ్లికూతురి తాత చెయ్యెత్తి, "యాదయ్యా, సిగ్నల్ దించు. లైన్ నేను చూసిన" అన్నాడు.

యాదయ్య మా బాపు. పోయి పదకొండేళ్లయింది.

ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేశాను. దయ్యం వార్త పట్టుకొచ్చిన విలేకరులను వెనక్కి పంపినవాణ్ణి. ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

ఆ ఫంక్షన్ హాల్ ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో మా ఊరి రైల్వే స్టేషన్. తెలంగాణ వచ్చాక ఆ పాత రాతి కట్టడాన్ని కిరాయికిచ్చారు. బాపు అక్కడ సిగ్నళ్లు దించేవాడు. ఆ తాత స్టేషన్ మాస్టర్. మేం మాస్టర్ సాబ్ అనేవాళ్లం.

పక్క స్టేషన్ నుంచి గంట మోగితే, లైన్ ఖాళీగా ఉందో లేదో మాస్టర్ సాబ్ చూసి చెప్పాలి. ఆయన చెప్పాకే బాపు బండికి దారిస్తూ సిగ్నల్ దించాలి. ఒకరోజు గూడ్సు బండి వచ్చి, లైన్ మీద నిలిపి ఉన్న రైలు పెట్టెను గుద్దింది. ఎవరికీ ఏమీ కాలేదు. తాను దించమనలేదని మాస్టర్ సాబ్ రాసిచ్చాడు. రోజూ బాపు సద్దిలోంచి జొన్నరొట్టె తుంచుకొని తిన్న మనిషే. బాపు నౌకరీ పోయింది.

"ఆయన చెప్పిండు బిడ్డా" అని బాపు చివరిదాకా అన్నాడు. నేను బాపునే సాక్ష్యం అడిగాను. బాపు పోయాక మాస్టర్ సాబ్ ఇంటివాళ్లు పలకరించడం మొదలుపెట్టారు. నిశ్చితార్థానికి పిలిస్తే వెళ్లాను.

హాల్లో గంట లేదు. స్టేషన్ మూసినప్పుడే దాన్ని మోగించే యంత్రంతో సహా తీసుకుపోయారు. అయినా చాయ్ పంచుతున్నామె నన్నే అడిగింది. "గంటెవరు కొట్టిండ్రన్నా? బువ్వకు పిలుస్తుండ్రా ఏంది? ఇంకా వంట కాలే."

మర్నాడు పొద్దున మాస్టర్ సాబ్ ఇంటికి వెళ్లాను. ఆయన మతి బాగానే ఉంది.

"నిన్న మా బాపును సిగ్నల్ దించమన్నరు."

"గంట మోగితే చెప్పాలె గద."

"అప్పుడు గూడ చెప్పిన్రా?"

చాయ్ గ్లాసు నా వైపు జరిపాడు. "ఏం గంట బిడ్డా? ఫంక్షన్ హాల్ల గంటెక్కడిది? చాయ్ తాగి పో."

నిశ్చితార్థం వీడియో తెప్పించుకొని చూశాను. ఉంగరాల దగ్గర జనమంతా ఒక్కసారిగా గోడవైపు తిరిగారు. మాస్టర్ సాబ్ చెయ్యి లేచింది, పెదవులు కదిలాయి. గంట వినపడదు, ఆయన మాటా వినపడదు. పంతులు మంత్రం మాత్రం ఎక్కడా తెగకుండా వినపడుతూనే ఉంది. ఆ రెండే ఎందుకు వినపడలేదో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

బాపు సర్వీసు కాగితంలో "ఉత్తర్వు లేకుండా సిగ్నల్ దించాడు" అన్న వాక్యం అలాగే ఉంది.