చేపల బల్ల

"ఆడవాళ్ళు పోతే గుమ్మానికి బల్ల కట్టడం మనింట్లో ఎప్పుడైనా చూశారా వదినగారూ?"

"చూడలేదు. చూద్దామనే అడుగుతున్నాను."

"ఊరంతా నవ్వుద్దండి. గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టిద్దాం. అమ్మ ఫోటో, పక్కన మన ముద్ర, చుట్టూ గులాబీలు."

"పెద్దకర్మ అవగానే అది గేదెల పాకెక్కుద్ది. వాన కారకుండా మీ అమ్మ మొహం కప్పుతావా నాయనా?"

మరిది మొహం తిప్పుకున్నాడు. అత్తగారు పోయి రెండు రోజులైంది.

మామగారి పెద్దలది చిన్న జమీ. ఎప్పుడో పోయింది, ఈ టేకుబల్ల మిగిలింది. దాని మీద ఒక కత్తి, అటూ ఇటూ ఎర్ర చేపలు. అదే మా ఇంటి ముద్ర. ఇంట్లో మగవాడు పోతే దాన్ని వీధి గుమ్మం మీద తగిలిస్తారు. పెద్దకర్మ అయ్యాక దించి, పాత చీర చుట్టి, అత్తగారి మంచం కింద పెడతారు. తగిలించే ముందు రంగు వేసేది మాత్రం అత్తగారే. మామగారికీ ఆవిడే వేశారు, మా ఆయనకీ ఆవిడే వేశారు. కొడుకు పోయిన రోజున కూడా కూర్చుని చేపల పొలుసులు ఒక్కొక్కటే దిద్దారు. అలాంటి మనిషికి గుమ్మం మీద బల్ల లేకపోవడమేంటని నా పంతం.

ఫ్లెక్సీ షాపువాడు ముద్ర ఫోటో పంపమన్నాడు. అందుకోసం మరిదే వంగి మంచం కింద నుంచి బల్ల లాగాడు. చీర విప్పాడు. చేపలు ఆకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి.

"ఇదేంటండీ! ఎవరు వేశారు?"

రంగు చూడగానే నాకు తెలిసిపోయింది. మొన్న వేసవిలో కిటికీలకి వేయగా మిగిలిన డబ్బా అత్తగారు అడిగారు. గేటుకి పనికొస్తుందని గొణిగాను. "ఇవ్వవే, నాకు పనుంది" అన్నారు. సగమే వంచి ఇచ్చాను. ఇంట్లో ఎవరూ పోకుండా ఆవిడ బల్లకి రంగు వేసింది ఆ ఒక్కసారే.

ఆ మాటే మరిదికి చెప్పాను. అతను చేపని వేలితో తడిమాడు.

"కిటికీల రంగా వదినగారూ?" అన్నాడు. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాడు.

"మంచి రంగే. వానకి పోదు" అన్నాను.

మర్నాడు పొద్దున్నే మరిది నిచ్చెనెక్కి బల్లని వీధి గుమ్మం మీద తగిలించి, కడియం తోటల నుంచి తెచ్చిన బంతిపూల దండ వేశాడు. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను.