సత్తువక్కకు తోడులేని రోజు

తన బొమ్మల పుస్తకాన్ని సీరియల్‌గా తీసిన టీవీ వాళ్ల మీద కోపమేం లేదని నర్మద అందరితోనూ చెప్పుకుంది. శుద్ధ అబద్ధం! ఆ సాయంత్రం కవాడిగూడ బస్తీలో, అమ్మ ఇంట్లో, ఆ సీరియల్ మొదలవుతుంటే టీవీకేసి కాక గోడకేసి చూస్తూ కూర్చుంది.

సర్కారు ఉద్యోగానికి చదువుతానని అశోక్‌నగర్ హాస్టల్లో చేరిన పిల్ల, నోట్సు కాగితాల వెనక బొమ్మలు గీస్తూ కూర్చుంది. ఉద్యోగం రాలేదు గానీ ఆ బొమ్మల్లోంచి సత్తువక్క వచ్చింది. తట్ట మోయడానికి నెత్తిన చుట్టబట్ట పెట్టుకుని, కూలిన మిద్దెనైనా లేపే ఆడమనిషి. పక్కన చేయందించే ఆడవాళ్లు వరుసగా నిలబడితేనే ఆమెకా బలం. ఒంటరిగా ఉంటే బిందెడు నీళ్లు కూడా లేపలేదు. పాలమూరు నుంచి వచ్చి, చిక్కడపల్లి సందుల్లో తట్టలు చేతులు మార్చుకుంటూ స్లాబులు పోసిన తల్లి మాసమ్మనూ, ఆమె తోటి కూలీలనూ చూసి గీసిన బొమ్మలవి. రామమ్మ మెల్లకన్నుతో సహా అందరూ పుస్తకంలో ఉన్నారు.

“టీవీలో హీరో ఒక్కరే ఉండాలి మేడమ్. ఇంతమందిలో జనం ఎవర్ని చూడాలి?” అన్నాడు దర్శకుడు. టైటిల్స్‌లో తన పేరు చూసుకోవాలన్న ఆశతో నర్మద సరేనంది. అమ్మకు మాత్రం చెప్పలేదు. ఆ పిచ్చితల్లి కూలీల అడ్డా మీద అందరినీ పిలిచింది. “మనమంతా టీవీల వడుతున్నం, రాండ్రి.”

టీవీలో సత్తువక్క ఫారిన్‌లో చదువుకున్న కోటీశ్వరుల బిడ్డ. చుట్టబట్ట పోయి వెండి కిరీటం వచ్చింది. వీపున మెరిసే వస్త్రమొకటి ఎగురుతోంది. కూలిన మిద్దెను ఒంటిచేత్తో లేపింది.

“మాసమ్మా, మనమేడున్నమే?” అంది రామమ్మ.

“అగో, కింద నిలవడి సప్పట్లు కొడుతున్నం” అంది వెనకనుంచి ఒకామె. అందరూ నవ్వారు. మాసమ్మ నవ్వలేదు. అందరూ వెళ్లాక కూతురి వైపు తిరిగింది.

“నీకు ముందుగాలనే ఎరుకనా?”

నర్మద తలూపింది.

“చెప్తే నేను వాళ్లను పిలవకపోదును గద బిడ్డ.”

ఆ మాట తిట్టు కన్నా ఎక్కువ బాధించింది. మర్నాడు పొద్దున్నే నర్మద నారాయణగూడలో అమ్మ పనిచేసేచోటికి వెళ్లింది. కాంక్రీటు లారీ దూరని సందు. కింద మెషీన్లో మాలు కలిపి, తట్టలతో చేతుల మీదుగా పైకి అందిస్తున్నారు. నర్మద చేరేసరికి వరుస ఆగిపోయి ఉంది. రామమ్మ నిండు తట్టను మాసమ్మ ముందు నేలమీద పెట్టి, చేతులు కట్టుకుంది.

“ఒక్కదానివే లేపు సత్తువక్కా. మేం సప్పట్లు కొడ్తం.”

మాసమ్మ వంగి, తట్టను తానే నెత్తికెత్తుకుని, ఊగే చెక్కల మీదుగా పైకెక్కింది. దిగి ఇంకోటి ఎత్తుకుంది. మూడోసారి చెక్కల మీద ఆగి ఆగి ఎక్కింది. ఇప్పుడెవరూ నవ్వడం లేదు, అలాగని ఎవరూ కదలడమూ లేదు.

“మాలు బిగుస్తున్నది! నడుమ ఆపితే అతుకు వడి రేపు ఇల్లంత కారుతది” అని పైనుంచి మేస్త్రీ అరిచాడు.

మాసమ్మకు చెక్క మీద కాలు జారింది; తమాయించుకుని, తట్టను పైకందించింది. నర్మద చెప్పులు విడిచి, పరుగున వెళ్లి రామమ్మకూ తల్లికీ మధ్య నిలబడింది.

“అమ్మకేం తెల్వదు పెద్దమ్మా. సరే అన్నది నేను.”

“అయితే మమ్ముల టీవీల పెట్టిస్తవా?”

“పెట్టియ్యలేను. అండ్లకెల్లి నా పేరు తీయిస్త.”

“నీ పేరు తీస్తే మాకేమొస్తదే?” రామమ్మ వంగి తట్ట లేపింది. “పట్టు. గట్ల అంచులు గాదు, అడుగు పట్టు.”

ఆ బరువుకు నర్మద భుజాలు గుంజుకుపోయాయి. పళ్లు బిగబట్టి తల్లి వైపు తిరిగింది. మాసమ్మ తట్ట అందుకుని, కూతురి ముఖం చూడకుండానే పైకిచ్చింది. మళ్లీ చేతులు చాపింది.

“నిలవడకు బిడ్డ” అంది. “ఎనకకెల్లి ఇంకా వస్తున్నయ్.”